అరిగిన రబ్బరు తొడుగు

నాన్న చంకకర్ర చివరనున్న రబ్బరు తొడుగు ఊడిపోవడంతో, ఈ ఉదయం నెక్లెస్ రోడ్డులో జైపాల్ రెడ్డి గారి స్మారకం స్ఫూర్తి స్థల్ దగ్గర ఆగి, దాన్ని మళ్లీ బిగించాను. తొడుగు ఒక పక్కకే అరిగిపోయి ఉంది.

పసితనంలోనే పోలియో సోకినా, చంకకర్రల సాయంతోనే నడుస్తూ ఉస్మానియాలో చదివి, కల్వకుర్తి నుంచి శాసనసభకూ, ఆ తర్వాత మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, చేవెళ్ల నుంచి లోక్‌సభకూ వెళ్లిన నాయకుడాయన. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారమూ అందుకున్నారు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఆయన ఓటమే. ఎమర్జెన్సీని వ్యతిరేకించి కాంగ్రెసును వీడిన ఆయన, 1980లో మెదక్‌లో సాక్షాత్తూ ఇందిరా గాంధీపైనే పోటీకి నిలబడ్డారు. ఆ ప్రచారంలో ఎన్ని తొడుగులు అరిగాయో!

"పోదాం పద, ఎండెక్కుతున్నది" అంటూ నాన్న లేచారు.