రోమన్ కోటలో తాతయ్య పెత్తనం

అమ్మానాన్నలు ఇంగ్లండ్ వస్తే మనవాళ్లు తిప్పే చోట్లు ఎవరింట్లోనైనా ఒకటే. బిగ్ బెన్, లండన్ ఐ, బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు. ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పడతాయి, ఊళ్లో పెదనాన్నగారు బొటనవేలు బొమ్మ పెడతారు, అక్కడికి సరి. మేం ఉండేది లీడ్స్‌లో కాబట్టి మా నాన్న వచ్చినప్పుడు ఉత్తరం వైపు బయల్దేరాం, నార్తంబర్లాండ్‌లో ఉన్న హేడ్రియన్ గోడ చూడ్డానికి. ప్లాను నాదీ కాదు, మా ఆయనదీ కాదు, మా చిన్నోడిది. ఇక్కడ ప్రైమరీ స్కూల్లోనే రోమన్ల పాఠం ఉంటుంది. వాడు అట్టకత్తి పట్టుకుని ఇల్లంతా దండయాత్ర చేస్తున్న రోజులవి.

క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి బ్రిటన్ వచ్చినప్పుడు మొదలుపెట్టించిన గోడ ఇది. తూర్పున వాల్‌సెండ్ నుంచి పడమర బౌనెస్ దాకా 73 మైళ్లు, దాదాపు 117 కిలోమీటర్లు. మా నాన్నకి అర్థమయ్యేలా చెప్పాలంటే గుంటూరు నుంచి ఒంగోలు దాకా గోడ కట్టినట్టు. రోమన్ మైలుకొక చిన్న కోట, రెండు కోటల మధ్య రెండేసి బురుజులు. కట్టింది కూలీలు కాదు, సైనికులే. పిల్లలతో వెళ్లేవాళ్లు మొత్తం చూడాలని ఆశపడొద్దు. మధ్య భాగంలో గోడ నల్లరాతి కొండ అంచు మీదుగా పోతుంది, హౌస్‌స్టెడ్స్ కోట ఉన్నది అక్కడే. అదొక్కటి తీరిగ్గా చూస్తే చాలు.

కారు పార్కింగ్ నుంచి కోట దాకా పచ్చిక మీద ఎక్కుతూ వెళ్లాలి. చుట్టూ గొర్రెలు. గాలి ఎంత విసురంటే మంకీ క్యాప్ పెట్టుకున్న మా నాన్నే అందరిలోకీ తెలివైనవాడనిపించింది. దారిలో గేట్లు వస్తాయి, తీసినవాళ్లు మళ్లీ వేయాలి. పిల్లలు తీసి పరిగెత్తారు. నాన్న వెనకనుంచి, "ఒరేయ్, గేటు వేసి రండి! గొర్రెలు దాటిపోతే ఆ రైతు మిమ్మల్ని కాదు, నన్ను తిడతాడు" అని అరిచాడు. ఇంగ్లిష్ బోర్డు మీద రాసినదీ అదే. ఆయన బోర్డు చదవలేదు, గొర్రెల్ని చూశాడంతే.

కోటలో ధాన్యపు కొట్లున్నాయి. పైకప్పు లేదు, గోడలు నడుము ఎత్తున మిగిలాయి. లోపల నేలంతా వరసగా పొట్టి రాతి స్తంభాలు, వాటి మీద ఒకప్పుడు గచ్చు ఉండేదట. చిన్నోడు స్కూల్లో నేర్చుకున్నది అప్పజెప్పాడు: కింద మంట పెట్టి గది వెచ్చగా చేసేవాళ్లని. అది స్నానాల గదుల సంగతి. నాన్న మాత్రం వంగి ఆ స్తంభాల మధ్య చెయ్యి పెట్టి చూసి, "మంటేంట్రా, ఇది గాదె! చెమ్మ ఎక్కకుండా, పందికొక్కులు దూరకుండా కింద ఖాళీ వదిలారు. మన పాతింట్లో గాదె కింద రాళ్లు ఎందుకు పెట్టామనుకున్నావ్?" అన్నాడు. బయటి గోడలో గాలి కంతలు ఎక్కడున్నాయో కూడా ఆయనే వెతికి చూపించాడు. తరవాత బోర్డు చదివితే ఉన్నది అదే. ఆ రోజంతా మావాళ్లకి టూర్ గైడు తాతయ్యే.

గాదె ముచ్చటెంతసేపు! మూలన సైనికుల మరుగుదొడ్డి కనిపించగానే దాన్ని మర్చిపోయారు. తలుపులూ అడ్డుగోడలూ లేవు, అందరూ పక్కపక్కనే కూర్చోవడం. కింద లోతైన కాలవ, తొట్లలో పట్టిన వాన నీటితో కడిగేవాళ్లు. పక్కపక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లా అని మా పెద్దది అడిగితే, "మా చిన్నప్పుడు చెరువుగట్టున పొద్దున్నే మేమూ అంతే" అని తాతయ్య మొదలుపెట్టాడు. మిగతాది రాయను.

ఇక్కడ ఒక మాట. శిథిలాలు చూడ్డానికి నలుగురం కలిసి వెళ్తే మనలో ఎవరో ఒకరు అననే అంటారు: "ఇదీ ఒక కోటేనా, మన గోల్కొండ ముందు!" నిజమే, గోల్కొండ గోల్కొండే. కానీ పిల్లలకి ఇది పక్క ఊరు, వాళ్ల టీచర్ చెప్పిన ఊరు. దాన్ని మనం తీసిపారేస్తే గోల్కొండ మీద ప్రేమ పుట్టదు, మనతో ఇలాంటి చోట్లకి రావడం మానేస్తారు, అంతే. మా నాన్న ఆ పోలిక తేలేదు. గాదె గురించే మాట్లాడాడు.

ఆయన్ని నిజంగా కదిలించింది వేరే సంగతి. మిగతా గోడ ఏమైందని అడిగాడు. రాళ్లు ఊడదీసి ఇళ్లకీ చర్చిలకీ పొలం గట్లకీ వాడుకున్నారు. 18వ శతాబ్దంలో సైన్యం కోసం రోడ్డు వేసినప్పుడు మైళ్ల కొద్దీ గోడని దాని కిందే పరిచేశారు. మేం వచ్చిన రోడ్డే అది. 19వ శతాబ్దంలో న్యూకాజిల్‌కి చెందిన జాన్ క్లేటన్ అనే లాయరు గోడ ఉన్న పొలాలు వరసగా కొనుక్కుంటూ పోబట్టి ఈ మాత్రం మిగిలింది. "అమరావతి కథే కదమ్మా" అన్నాడు నాన్న. అక్కడా స్తూపం రాళ్లు జమీందారు కట్టడాలకి పోయాయి, కొన్ని సున్నపు బట్టీలకి పోయాయి, మిగిలినవాటిలో బోలెడు లండన్‌కి ఓడెక్కాయి. బ్రిటిష్ మ్యూజియంలో వాటికో గదే ఉంది. "మన రాళ్లు మనకి ఇచ్చేయొచ్చుగా" అంది పెద్దది. ఆ వాదన కారులో చాలాసేపు నడిచింది, తేలలేదు.

దగ్గర్లోనే విండోలాండా. గోడ కంటే ముందు నుంచీ ఉన్న కోట. అక్కడి తడి నేలలో గాలి ఆడక, కుళ్లిపోవాల్సినవి కూడా నిలిచాయి: వేల కొద్దీ తోలు చెప్పులు, వాటిలో పసిపిల్లలవీ ఉన్నాయి. 1973 నుంచి సన్నటి చెక్క పలకల మీద సిరాతో రాసిన ఉత్తరాలు బయటపడుతున్నాయి. సుమారు క్రీ.శ. 100 నాటి ఒక ఉత్తరంలో ఒక కమాండర్ భార్య ఇంకో కమాండర్ భార్యని పుట్టినరోజుకి రమ్మంటుంది. ఇంకోదాంట్లో ఎవరో మేజోళ్లూ చెప్పులూ లోదుస్తులూ పంపామని రాస్తారు. ఊరగాయలకీ కారప్పొడులకీ మధ్య మా ఆయనకి కాటన్ బనియన్లు సర్దుకొచ్చిన మా నాన్నకి అందులో వింతేమీ కనపడలేదు. "చలి దేశం, పంపరూ మరి!" ఒక జాబితాలో రెండు దీనారాలకి మిరియాలు కొన్నట్టు కూడా ఉంది. మిరియాలనేసరికి నాన్న మీసం మీద చెయ్యి వేశాడు. కేరళవి నాన్నా, మనవి కావు అన్నాను. "ఇక్కడికొచ్చాక అన్నీ మనవే" అన్నాడు.

ఆ గోడ దగ్గర కాపలా కాసినవాళ్లలో ఇటలీ మొహం చూడనివాళ్లే ఎక్కువ. హౌస్‌స్టెడ్స్‌లో ఇప్పటి బెల్జియం వైపు వాళ్లు, కార్వొరాన్‌లో సిరియా విలుకాళ్లు, పడమటి కొసన ఉత్తర ఆఫ్రికా మూర్లు. సౌత్ షీల్డ్స్‌లోని అర్బేయా కోట మ్యూజియంలో ఒక సమాధి రాయి ఉంది. సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరాటెస్ అనే ఆయన తన భార్య రెజీనా కోసం పెట్టించినది. ఆమె దక్షిణ బ్రిటన్ పిల్ల. ముందు ఆమె ఆయన దగ్గర బానిస, విడుదల చేసి పెళ్లి చేసుకున్నాడు. రాతి మీద ఆమె బొమ్మ: కుర్చీలో కూర్చుని, ఒడిలో కదురు, పక్కన ఉన్ని బుట్ట. కింద లాటిన్‌లో వివరాలు, అందులో వ్యాకరణం తప్పులు. దాని కింద ఒక్క వరస పాల్మైరా లిపిలో: బరాటెస్ విడుదల చేసిన రెజీనా, అయ్యో. ఆ వరస మాత్రం చక్కగా చెక్కి ఉంది.

"అది ఇక్కడ ఎవరు చదువుతారని రాయించాడు?" అని అడిగింది మా పెద్దది. ఎవరో ఒకరు ఉండి ఉంటారులే అన్నాను, అంతకు మించి నాకు తోచలేదు. ఆ రాయి చూసి అది శనివారం తెలుగు క్లాసుకి పరుగులు పెట్టిందేం లేదు, ఇప్పటికీ గుణింతాల దగ్గర మొహం ముడుచుకుంటుంది. కానీ స్కూల్లో రోమన్ల మీద పోస్టర్ చేయమంటే అందరూ డాలూ శిరస్త్రాణమూ గీసినచోట ఇది రెజీనాని గీసింది. కింద ఆ లిపి కుదరక తెలుగులో "అయ్యో" అని రాసింది.

వచ్చే డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం. ఇన్నాళ్లూ అక్కడ పిల్లల్ని మాల్‌కీ పెళ్లిళ్లకీ తప్ప ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఈసారి నాగార్జునకొండ చూపించాలని ఉంది. సాగర్ నీళ్లలో మునగబోతున్న ఇక్ష్వాకుల కట్టడాలని 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్నిటిని కొండ మీదికీ, కొన్నిటిని దగ్గర్లోని అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. అనుపులో మెట్లమెట్లుగా కట్టిన క్రీడాస్థలం ఉందంటే, మరుగుదొడ్డి ఉందా అని చిన్నోడు అడిగాడు. మా ఆయన ఓటు ఫిల్మ్ సిటీకి. నాన్న మాత్రం ఎవర్నీ అడక్కుండా మాచర్లలో తెలిసిన కారాయనకి చెప్పేశాడట. లాంచీ పొద్దున్నే ఎక్కాలి, ఎండెక్కితే పిల్లలు సతాయిస్తారని నిన్ననే ఫోన్ చేసి మరీ చెప్పాడు.