సదరం హాల్లో మా పాప అడిగిన మాట

నిన్న మధ్యాహ్నం మా అన్నయ్య సదరం సర్టిఫికెట్, అదే వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే కాగితం, చేతికొచ్చింది. మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

అన్నయ్యకి స్కిజోఫ్రీనియా, 14 ఏళ్ళుగా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఉంది. అది తెలిసీ రెండేళ్ళు తాత్సారం చేశాను. "ఆ కాగితం ఇంట్లోకొస్తే రేపు పిల్లకి సంబంధాలెలా వస్తాయి?" అని మా బావ పోరు. పిల్ల చదివేది నాలుగో తరగతి!

పరీక్షకి స్లాట్ బుకింగ్ వార్డు సచివాలయంలో పది నిమిషాల్లో అయిపోయింది. ఇచ్చిన తేదీకి పొద్దున్నే గాజువాక నుంచి బయల్దేరాం. నేను, అన్నయ్య, వేసవి సెలవులు కదా అని వెంటపడిన మా పాప. ఏ ఆసుపత్రో చెప్పను.

కాలు, చెవి, కన్ను, అన్నింటికీ ఒకటే హాలు. కౌంటర్లో ఉన్నాయన మిగతావాళ్ళని పేరు పెట్టే పిలుస్తున్నాడు, కొందరిని "రండమ్మా" అని కూడా. మా వంతు వచ్చేసరికి "మెంటలోళ్ళు! మెంటలోళ్ళెవరు?" అని కేక. హాలంతా అటూ ఇటూ చూసింది. నేను లేవలేదు. నిజం చెబుతున్నా, పక్కనున్న మనిషెవరో నాకు తెలియనట్టు ఫోన్ చూసుకున్నాను. అన్నయ్యే లేచాడు. అమ్మ ఇస్త్రీ చేసిచ్చిన తెల్ల చొక్కా, మెడ దాకా గుండీలు పెట్టుకుని. మందుల వల్ల అడుగులు ఈడుస్తాడు, చేతులు వణుకుతాయి. ఆధార్ జిరాక్సు కౌంటర్ మీద పెట్టబోతే జారి కింద పడింది.

"దూరం, దూరం! మీద పడతాడేటి? ఈడి తాలూకా ఎవరు?" అన్నాడాయన. ఎవరో నవ్వారు.

మా పాప వెళ్ళి ఆ కాగితం తీసి కౌంటర్ మీద పెట్టింది. "మా పెదనాన్న మీద పడరు అంకుల్. మందులేసుకుంటారు కదా, అందుకే చేతులు వణుకుతాయి. ఇందాక అందర్నీ పేరు పెట్టి పిలిచారు. పెదనాన్నకీ పేరుంది. ఇందులో రాసుంది చూడండి" అంది. అరవలేదు, బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాటేంటో తెలుసా? "ఊరుకోవే."

ఆయన తలెత్తలేదు. కాసేపు రిజిస్టర్ తిప్పి అన్నయ్య పేరు చదివాడు. "గారు" లేదు గానీ, పేరైతే చదివాడు. వెనక బెంచీ మీద ఓ ముసలమ్మ "గుంట బాగా అడిగింది" అని జరిగి అన్నయ్యకి చోటిచ్చింది.

మందుల సంగతి పాపకి చెప్పింది నేనే, ఆ గొప్ప నాకు దక్కాలి. ఇంట్లో ఉన్న నోరు ఆ హాల్లో ఏమైపోయిందో మరి. కాలేజీలో ఎవడు తిక్కగా మాట్లాడినా "వీణ్ని వాల్తేరు పంపండ్రా" (మా ఊరి మానసిక ఆసుపత్రి ఉన్నది అక్కడే) అని నవ్విన వైజాగ్ వాణ్నే నేనూ. మానసిక జబ్బు ఉన్నవాళ్ళని శరీరానికి జబ్బు చేసినవాళ్ళతో సమానంగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ఆ కౌంటర్ గోడ మీద మాత్రం "ఇచ్చట ఉమ్మరాదు" ఒక్కటే ఉంది.

డాక్టరమ్మ మంచావిడ. వీళ్ళు చూసేవి నాలుగు: తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట చెప్పడం అర్థం చేసుకోవడం, ఉద్యోగమో ఇంటిపనో. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, ఇబ్బంది ఎంత ఉంటే అంత ఎక్కువ. జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నదానికి వేరే మార్కులు. 40 శాతం కన్నా తగ్గితే పెన్షన్ రాదు. పాత చీటీలు పారేయకండి. అమ్మ 14 ఏళ్ళ చీటీలూ బియ్యం సంచిలో దాచబట్టి సరిపోయింది. ఇంకోటి, అక్కడ పరువుకి పోకండి. "స్నానం తనే చేస్తాడా?" అంటే నేను "ఆ, శుభ్రంగా" అనేశాను. పాప నా చెయ్యి గిల్లి, "నానమ్మ బకెట్ పెట్టి పిలిస్తేనే చేస్తారు. లేకపోతే మర్చిపోతారు" అంది. డాక్టరమ్మ నావైపు ఓసారి చూసి, రాసింది కొట్టేసి మళ్ళీ రాసుకుంది.

60 శాతం వచ్చింది. ఇక 6000 పెన్షన్‌కి సచివాలయంలో అర్జీ పెట్టాలి. బావకి ఇంకా చెప్పలేదు. ఆదివారం భోజనానికి వస్తున్నాడు. నేను చెప్తానంటోంది పాప.