ట్యాంకు సగానికి దిగితే ఆగిపోయే లారీ

నాన్న నడిపిన టాటా 1210, 1986 మోడల్. ఇప్పుడు లోడ్లకు పోదు, రోడ్డెక్కదు. ఇంటి వెనక రేకుల షెడ్డు కింద ఉంటుంది. ఆదివారాలు నాకదే పని. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. టర్బో లేదు, సెన్సార్లు లేవు. గాలి, డీజిల్, కంప్రెషన్ సరిగ్గా అందితే తిరగాల్సిందే.

జబ్బు ఇదీ: సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది, పావుగంట బాగానే తిరుగుతుంది, తర్వాత ఆర్‌పీఎం పైకీ కిందికీ ఊగి ఆగిపోతుంది. డీజిల్ ఫిల్టర్ మీద గాలి వదిలే ఎయిర్ స్క్రూ వదులు చేసి, చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ కొడితే నురగ. నురగ పోయి డీజిల్ నికరంగా వచ్చాక బిగిస్తే మళ్లీ స్టార్ట్. అంటే లైన్లో ఎక్కడో గాలి పడుతోంది.

మొదటి రెండు ఆదివారాలు

ఆటోనగర్ వెళ్లి ఫిల్టర్లు, డీజిల్ పైపుల్ని బిగించే బ్యాంజో బోల్టులకు రాగి వాషర్లు, రబ్బరు గొట్టాలు తెచ్చి మార్చాను. తేడా లేదు. ఎక్కడా చుక్క కారట్లేదు కదా, లైను బాగానే ఉందనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను. ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చుకునే లైను. అక్కడ చిల్లుంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. చెమ్మ కనపడేది ఫీడ్ పంపు దాటాకే.

ఒక పంపు షాపులో లక్షణాలు చెబితే, బండి చూడకుండానే నాజిళ్లకు డీజిల్ కొట్టే పెద్ద పంపు దింపి తెమ్మన్నారు. వాళ్లు చెప్పిన లెక్క విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా వీధిలో పని మానేసిన మేస్త్రీ బాబాయ్ ఒకాయన ఉన్నాడు. "పంపు జోలికి పోకురా. ముందు క్యాను వేలాడదియ్యి" అన్నాడు.

మూడో ఆదివారం

అయిదు లీటర్ల క్యానుకి గొట్టం పెట్టి షెడ్డు దూలానికి వేలాడదీశాను. ఆ గొట్టాన్ని నేరుగా ఫీడ్ పంపుకి కలిపాను. మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా క్యానులోనే పెట్టాలి, లేకపోతే త్వరగా ఖాళీ అవుతుంది. యాభై నిమిషాలు తిరిగింది, ఒక్కసారి కూడా ఊగలేదు. పంపు నిర్దోషి.

తర్వాత పాత లైను మళ్లీ కలిపి, ట్యాంకులోంచి డీజిల్ బయటికొచ్చే చోటే ఒక మూర పారదర్శక గొట్టం వేసి చూశాను. సగ్గుబియ్యం గింజల్లాంటి బుడగలు వరసగా పోతున్నాయి. సంగతి తేలింది కదా అని, ఎలాగూ పోయాల్సిందేనని ఇంట్లో ఉన్న నలభై లీటర్లు ట్యాంకులో పోసి మళ్లీ స్టార్ట్ చేశాను. బుడగలు లేవు! నేనేం బాగుచేశానో నాకే తెలియదు.

నాలుగో ఆదివారం

అప్పుడు వెలిగింది. డీజిల్ కొంచెం కొంచెం తోడుతూ, కర్ర ముంచి మట్టం చూస్తూ నడిపాను. మట్టం సగానికి దిగగానే బుడగలు మొదలు. ట్యాంకు పైనుంచి లోపలికి దిగే పైపుని పీకాను. కంటికేమీ కనపడలేదు. కింది కొసని బొటనవేలితో మూసి, బకెట్ నీళ్లలో ముంచి, పై కొసనుంచి ఊదితే నడుమ ఒకచోట సన్నగా బుడగలు లేచాయి. వెంట్రుకంత పగులు. అది డీజిల్లో మునిగి ఉన్నంతసేపూ డీజిలే పీల్చుకుంటుంది, బయటపడితే గాలి పీల్చుకుంటుంది. పైపు ఒక్కటే తీసుకెళ్లి ఇత్తడితో గ్యాస్ వెల్డింగ్ చేయించాను. ట్యాంకు దగ్గరికి మాత్రం మంట తేకూడదు. ఖాళీ ట్యాంకు మరీ ప్రమాదం, లోపల డీజిల్ ఆవిరి ఉంటుంది.

అయిదో ఆదివారం

ఆగడం పోయింది గానీ స్లోలో మిస్సింగ్ మిగిలింది, అంటే ఒక సిలిండర్ సరిగ్గా పేలట్లేదు. సిలిండర్లలోకి డీజిల్ చల్లే నాజిళ్లకు వచ్చే పైపు నట్లు ఒక్కోటీ గుడ్డ కప్పి కొద్దిగా వదులు చేశాను. ఆ డీజిల్ ప్రెషర్ చర్మంలోకి దూసుకుపోతుంది, చెయ్యి అడ్డం పెట్టొద్దు. వదులు చేసిన ప్రతిసారీ ఇంజిన్ మూలిగింది, నాలుగో దానికి మాత్రం చప్పుడులో తేడా లేదు. నాలుగో నాజిల్‌ని రెండోదానితో మార్చాను. మిస్సింగ్ కూడా రెండో సిలిండర్‌కి వెళ్లింది. అంటే నాజిలే. టెస్ట్ పెట్టిస్తే తుంపరగా చల్లడం లేదు, చుక్కలు కారుస్తోంది. కొత్తది వేశాను.

పనిలో పనిగా ఇంజిన్ పైకవర్ విప్పి టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు, కూడా చూసేశాను. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-5-3-6-2-4. ఆరో సిలిండర్ వాల్వులు రెండూ ఒకటి మూసుకుంటూ ఒకటి తెరుచుకుంటూ ఊగే చోట ఆపితే ఒకటో దాన్ని సెట్ చెయ్యొచ్చు. అలాగే 5కి 2, 3కి 4 జతలు, అటునుంచి ఇటూ అంతే. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ టాపెట్ మరీ బిగుసుకుపోయి ఉంది.

నిన్న ట్యాంకులో సగానికి బాగా కింద డీజిల్ ఉంచి గంటన్నర తిప్పాను. ఆగలేదు. ఆరేసిన బట్టలకు మసి పడుతోందని అమ్మ అరిస్తే నేనే ఆపాను.