పనసపండు పడని ఉద్దానం అల్లుడి వంటింటి నమోదు

ఉద్దానం పిల్లను చేసుకున్నవాడికి పనసపండు పడదంటే నమ్మేవారు ఉండరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి చెట్ల నడుమ ఒక్క పనస చెట్టయినా లేని పెరడు అరుదు. వేసవిలో అత్తవారింటికి వెళ్తే, నేను కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేలోగానే వలిచిన తొనల పళ్ళెం సిద్ధంగా ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా నేను ఆ పళ్ళేన్ని మర్యాదగా పక్కవారి వైపు జరుపుతున్నాను. “ఏటి బాబూ, ఒక్క తొనైనా ముట్టలేదు?” అని మా అత్తగారు ఏటా అడుగుతారు, కడుపు బాగులేదని నేను ఏటా చెబుతాను. ఇన్నేళ్ళుగా సరిగ్గా మే నెలలోనే కడుపు చెడిపోయే అల్లుడి గురించి ఆవిడ ఏమనుకుంటున్నారో నాకు తెలియదు.

ఆదివారాల్లో వంట చేయడం నాకు చాలాకాలంగా ఉన్న సరదా. ఈ ఏడాది ఆ సరదాను పూర్తిగా పనసకే కేటాయించి, లేత కాయ నుంచి పండు దాకా ప్రతి దశలోనూ వండి చూసి, నాకు పడనిది ఎక్కడ మొదలవుతుందో నోటుబుక్కులో రాసుకోవాలని నిశ్చయించుకున్నాను. శ్రీకాకుళంలోని మా వంటింట్లో ఉన్న చిన్న త్రాసు, గోడ గడియారం తప్ప ఇందుకు వేరే సరంజామా ఏమీ కొనలేదు.

ఫిబ్రవరి 23. మామగారు తెలిసినవారి చేత బస్సులో పంపిన లేత కాయ 2 కిలోల 100 గ్రాములు తూగింది. పొట్టు బజారులో కొట్టించుకుని తెచ్చుకోవచ్చు గాని, పని నేర్చుకోవడమే ఉద్దేశం కనుక నేనే కత్తి పట్టాను. చెక్కు మందంగా తీసి, నడిమి గట్టి భాగం తొలగించి, ముక్కను ఎడమ చేత్తో నిలబెట్టి, దాని ముఖం మీద బరువైన కత్తితో అడ్డంగా, నిలువుగా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి, ఆ పై పొరను పలచగా చెక్కేస్తే అదే పొట్టు అవుతుంది. మళ్ళీ గాట్లు, మళ్ళీ చెక్కడం. గాట్లు ఎడమైతే పొట్టు బదులు ముక్కలు రాలుతాయి. 1 కిలో 150 గ్రాముల పొట్టుకు నాకు యాభై నిమిషాలు పట్టింది. అరచేతులకు, పీటకు, కత్తి అలుగుకు నూనె రాసుకున్నాను గాని పిడికి రాయడం మరిచిపోయాను. కాయ నుంచి కారిన పాలు పిడి మీద జిగురై పట్టేసి, చెయ్యి విడిపించుకోవడానికి మా ఆవిడను పిలవవలసి వచ్చింది. ఆ జిగురు నీళ్ళలో కరగదు, సబ్బుతో తోమితే ఇంకా పాకుతుంది. ముందు కొబ్బరినూనె పట్టించి, కాగితంతో తుడిచి, ఆ తర్వాతే సబ్బు వాడాలి.

కూర మాత్రం చెడింది. పొట్టును కుక్కరులో రెండు కూతలు రానిచ్చాను, అది ముద్దయింది. ఆవను పొయ్యి మీద ఉడుకుతున్న కూరలో కలిపాను, ఘాటు పోయి చేదు మిగిలింది. అయినా ఆ రోజు రాసుకున్న ముఖ్యమైన మాట ఒకటి ఉంది. లేత కాయలో నన్ను ఇబ్బంది పెట్టే వాసన ఇసుమంతైనా లేదు.

మార్చి 9. ఈసారి ఉప్పు, పసుపు వేసిన నీళ్ళలో మూత లేకుండా పన్నెండు నిమిషాలు ఉడికించి, వార్చి, చల్లారాక గట్టిగా పిండాను. నూనెలో శనగపప్పు, మినపప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి, నిమ్మకాయంత చింతపండు గుజ్జు ఉడికించి, అందులో పొట్టు కలిపి ఎనిమిది నిమిషాలు మగ్గించాను. రెండు చెంచాల ఆవాలను, ఒక ఎండుమిరపకాయను పది నిమిషాలు చన్నీళ్ళలో నానబెట్టి నూరి, పొయ్యి కట్టేశాక కూర గోరువెచ్చనయ్యే దాకా ఆగి కలిపాను. ఆవ ఘాటు గింజలో ముందే తయారై ఉండదు. గింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడు అందులోని ఎంజైము పనిచేసి ఆ ఘాటును పుట్టిస్తుంది. వేడి ఎంజైమును చంపుతుంది, పుట్టిన ఘాటును ఎగరగొడుతుంది. పెళ్ళి వంటవాళ్ళు ఆవను చిట్టచివర ఎందుకు పెడతారో నాకు ఆ రోజు బోధపడింది. ఆ పూట నేను రెండోసారి వడ్డించుకున్నాను. పనస కూరను రెండోసారి వడ్డించుకునేవాడికి పనసపండు పడకపోవడం ఏమిటని మా ఆవిడ అడిగింది, జవాబు నా దగ్గర లేదు.

ఏప్రిల్ 20. ముదిరిన పచ్చికాయ తొనలను సన్నగా చీరి కొబ్బరినూనెలో వేయించాను. ఉప్పునీళ్ళు ముక్కలు కరకరలాడబోయే ముందు, ఒక్క చెంచాడే, దూరంగా నిలబడి చిలకరించాలి. నేను రెండు చెంచాలు పోసి గోడంతా నూనె చేశాను. వాసన ఇప్పటికీ లేదు.

మే 25. అసలు పరీక్ష ఇది. అత్తవారి పెరట్లో ఒకప్పుడు ఆరు పనస చెట్లుండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతోపాటు అవి కూడా కూలాయి, నూతి పక్కన ఉన్న ఒక్కటే నిలిచింది. ఆ చెట్టు కాయను మామగారు ఎవరికీ అమ్మరు. నేను దాన్ని వద్దన్నప్పుడల్లా ఆయన నా ముఖంలోకి కాక చెట్టు వైపు చూస్తారు. ఈ ఏడాది నేనే అడిగి తెచ్చుకున్నాను. ముళ్ళు ఎడమై మొనలు మొద్దుబారాయా లేదా, తడితే గట్టిగా మోగకుండా బొద్దుగా పలుకుతోందా అని ఆయనే చూసి, తొడిమతో సహా కోసి ఇచ్చారు. 11 కిలోలు తూగింది. వెనుక వసారాలో గోనెసంచి కప్పి ఉంచి, ఉదయం ఏడింటికి, రాత్రి ఎనిమిదింటికి రెండు పూటలా దగ్గరికి వెళ్ళి వాసన చూసి రాశాను.

మొదటి రెండు రోజులూ తడి చెక్క వాసన తప్ప ఏమీ లేదు. మూడో రోజు ఉదయం తొడిమ దగ్గర ముక్కు ఆనిస్తే అనాసపండును గుర్తుచేసే పలచని తీపి వాసన వచ్చింది. ఆశ్చర్యంగా అది నాకు నచ్చింది. ఆ రాత్రి పండును కోసి సగంలో తొనలు తీసి, రెండో సగానికి అరటాకు చుట్టి అలాగే ఉంచాను. మూడో రోజు తొన ఇంకా కాస్త గట్టిగా, లేత పసుపుగా ఉంది. ఒక తొన పూర్తిగా తిన్నాను. నాలుగో రోజు సాయంత్రానికి వసారా తలుపు తెరవగానే వాసన ఎదురొచ్చింది. ఐదో రోజు అది వంటింటి దాకా వచ్చింది, నేను వీధిలోకి వెళ్ళిపోయాను. ఇంట్లో మిగిలినవారు మాత్రం ఆ రోజే పండు పాకానికి వచ్చిందన్నారు.

డిగ్రీలో రసాయనశాస్త్రం చదువుతున్న మా అమ్మాయి నా నోటుబుక్కు చూసి, పనసపండు వాసనలో ఐసోవాలరేట్ ఎస్టర్లతోపాటు 3-మిథైల్‌బ్యూటైల్ అసిటేట్ ఉంటుందని చెప్పింది. “అదేమిటమ్మా?” అంటే, “అరటిపండు ఎసెన్సు నాన్నా” అంది. అరటిపండు వలిచి చేతిలో పెట్టినట్టు చెప్పడమంటే ఇదే కాబోలు. చిన్నప్పుడు జ్వరానికి తాగించిన పసుపుపచ్చని సిరప్పు, దాని వాసన తగలగానే పెరట్లోకి పరుగెత్తడం, బడి ముందు అమ్మే పసుపురంగు ఐస్‌ఫ్రూట్‌ను ఎప్పుడూ కొనకపోవడం, మాగిపోయిన అరటిపళ్ళను నేటికీ పక్కన పెట్టడం, అన్నీ వరుసగా గుర్తుకొచ్చాయి. ఇన్నేళ్ళూ నాకు పడనిది పనస అనుకున్నాను. నిజానికి పడనిది ఆ వాసన ఒక మోతాదు దాటడమే.

జూన్ 1. చల్లబడితే ఎగిరే వాసన తగ్గుతుంది కదా అని, మూడో రోజు తీసిన తొనలు కొన్ని స్టీలు డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో ఉంచి తిన్నాను. అదే పండు గది వేడిలో ఒక్కటి తినగలిగితే, చల్లగా మూడు తినగలిగాను. అయితే ఆ డబ్బా మూత సరిగా పట్టలేదు. మర్నాడు కాఫీ తాగిన మా ఆవిడ, పాలలో పనస వచ్చిందని నన్ను గట్టిగానే కేకలేసింది. గాలి చొరబడని రబ్బరు అంచు డబ్బాలో తప్ప తొనలు పాల పక్కన పెట్టరాదని ఎర్ర సిరాతో రాసుకున్నాను.

జూన్ 8. పండులో 118 తొనలు వచ్చాయి. పిక్కలు 700 గ్రాములకు పైగా ఉన్నాయి. జారుడు పోయేలా కడిగి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, పైనున్న తెల్లని పొర ఒలిచాను. కొన్నింటిని ఇసుక కుండలో దాచాను. మిగిలినవి కుక్కరులో మూడు కూతలు రానిచ్చి, వంకాయ, ఎండు రొయ్యలతో పులుసు పెట్టాను. పచ్చి పిక్కల్లో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థం ఉంటుంది కనుక బాగా ఉడకనివ్వడం తప్పనిసరి. లోపల ఉన్న గోధుమరంగు పలుచని పొర తీయడానికి గంట వృథా చేశాను. అది తీయకపోయినా రుచికి తేడా లేదు.

జూన్ 15. అత్తవారింటికి వెళ్ళాం. పళ్ళెం వచ్చింది. మూడో రోజు పండైతే తింటానని, ఇది ఐదో రోజుదని, ఎందుకు తినలేనో ఉన్నదున్నట్టు చెప్పాను. అత్తగారు కాసేపు ఆలోచించి, “అయితే మీకు కసరుగా ఉన్నప్పుడే కోయించాల్సింది, ముందే చెప్పొచ్చు కదా బాబూ” అన్నారు. మామగారు లేచి వెళ్ళి, వచ్చే ఏడు నా కోసం ముందుగా కోసే కొమ్మకు గుర్తుగా కొబ్బరి పీచు తాడు కట్టి వచ్చారు. ఆయన కత్తి పిడికి గుడ్డ చుట్టి ఉండడం అప్పుడు గమనించాను. ఫిబ్రవరిలోగా నా కత్తికీ అలాగే చుట్టాలి.