అక్క పెళ్లి డీవీడీ

ఆదివారం. కాఫీ తాగగానే అటక మీద నుంచి పాత కంప్యూటర్ దించాను. పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్, 80 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ ఎక్స్‌పీ. సత్యనారాయణపురంలో ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి అది అక్కడే ఉంది. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవే లేదు.

అక్క పెళ్లి 2006లో అయింది. వీడియో తీసినాయన ఇచ్చిన రెండు డిస్కులు తప్ప మరో కాపీ లేదు. ఇలా రాసిన డీవీడీల్లో డేటా ఉండేది ఒక పల్చటి రంగు పొరలో. వేడికీ ఉక్కకీ అది మెల్లగా పాడవుతుంది. ఇన్ని బెజవాడ ఎండాకాలాలు బీరువాలోనే గడిపాయి ఆ డిస్కులు. నాన్న గొంతు మాకు మిగిలింది వాటిలోనే. అందుకే వారం నుంచీ టెన్షన్.

"ఆ ప్రాసెసర్ చాలదు సార్, కొత్త సిస్టమ్ తీసుకోండి" అన్నారు ఒక షాపులో. నేను ఒప్పుకోలేకపోయాను. డీవీడీని ఉన్నదున్నట్టు కాపీ చేయడంలో ప్రాసెసర్‌కి పెద్ద పని ఉండదు. డిస్క్ నిండా ఉన్నా 4.7 జీబీ, దాన్ని హార్డ్ డిస్క్‌లోకి దింపుకోవడమే. 8ఎక్స్ వేగంతో చదివినా సెకనుకి 11 ఎంబీ. ఆ కాలం హార్డ్ డిస్కులు అంతకంటే వేగంగానే రాసుకుంటాయి. వీడియోని వేరే ఫార్మాట్‌లోకి మార్చి సైజు తగ్గించాలంటే మాత్రం దీనికి కష్టం, గంటలు పడుతుంది. ఆ పని ల్యాప్‌టాప్‌లో చేసుకోవచ్చు.

మూత తీసి, పెయింటు బ్రష్‌తో ఫ్యాన్ మీద దుమ్ము దులిపి స్విచ్ వేశాను. తేదీ తప్పు చూపించింది. గడియారం నడవడానికి బోర్డు మీద ఉండే చిన్న బిళ్ల సెల్ అయిపోయింది, అంతే. కాపీ మొదలుపెట్టాక అసలు ఇబ్బంది తెలిసింది. మౌస్ ఆగి ఆగి కదులుతోంది, ప్రాసెసర్ 100 శాతం దగ్గరే నిలబడింది, పావుగంటకి పావు వంతు కూడా అవలేదు. షాపతను చెప్పిందే నిజమా అని ఒక్క క్షణం గుండె జారింది.

అప్పుడు గుర్తొచ్చింది. డ్రైవ్ చదవడంలో తప్పులు మళ్లీ మళ్లీ వస్తే ఎక్స్‌పీ దాన్ని డీఎంఏ నుంచి మెట్టు మెట్టుగా దించి, చివరికి పీఐఓ మోడ్‌లో పడేస్తుంది. డీఎంఏలో డేటా నేరుగా మెమరీలోకి వెళ్తుంది. పీఐఓలో ప్రతి ముక్కనీ ప్రాసెసరే మోయాలి. డివైస్ మేనేజర్‌లో చూస్తే, డీవీడీ డ్రైవ్ కలిసి ఉన్న దారి, అంటే సెకండరీ ఐడీఈ చానల్, పీఐఓలోనే ఉంది. ఆ చానల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాను. ఎక్స్‌పీ దాన్ని కొత్తగా గుర్తుపట్టి డీఎంఏ ఇచ్చింది. ఇక చూడాలి, అదే డ్రైవ్, అదే పెంటియం, ఫైళ్లు చకచకా దిగాయి.

డీవీడీలో వీడియో ముక్కలు ముక్కలుగా వీఓబీ అనే ఫైళ్లలో ఉంటుంది. మూడో వీఓబీ దగ్గర ఆగిపోయింది. డిస్క్ తీసి వెలుతురుకి పెట్టి చూస్తే వేలిముద్రలు, ఒక సన్నటి గీత. మెత్తటి బట్ట కొద్దిగా తడిపి మధ్య నుంచి అంచు వైపు తుడిచాను. గుండ్రంగా తుడిస్తే ఏర్పడే గీత డేటా వరుస వెంటే సాగుతుంది, అప్పుడు డ్రైవ్ సరిచేసుకోలేదు. ఆరబెట్టి మళ్లీ పెట్టాను. నెమ్మదిగా, కొన్నిచోట్ల వెనక్కి తగ్గుతూ చదివింది. చదివినంత సేపూ కుర్చీలోంచి లేవలేదు.

ఆ ఫైల్లో ఉంది భోజనాల వరస. నాన్న భుజాన కండువాతో విస్తళ్ల మధ్య తిరుగుతూ, "అన్నయ్యగారూ, పెరుగు వేయించుకోండి, అప్పుడే లేవకండి" అంటున్నారు. వంటింట్లోంచి అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది.

"మళ్లీ పెట్టరా."

మూడుసార్లు పెట్టాను.

అక్క కోసం పెన్‌డ్రైవ్‌లోకి కూడా ఎక్కించాను. అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసింది. 4 జీబీ దాటిన ఫైలుని తీసుకోదు. డిస్క్ మొత్తాన్ని ఒకే పెద్ద ఫైలుగా (ఇమేజ్‌గా) చేసుంటే పట్టేది కాదు, వీఓబీలు ఒక్కోటీ 1 జీబీ లోపే కాబట్టి ఫోల్డరంతా ఎక్కింది. సాయంత్రం హైదరాబాద్‌కి ఫోన్ చేసి చెప్పాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పగింతలు రెండో డిస్క్‌లో కదరా తమ్ముడూ?" అంది.

అవును. దాన్ని కూడా తుడిచి, బట్ట కప్పి టేబుల్ మీద పెట్టాను. కంప్యూటర్ని అటక ఎక్కించలేదు.