డెక్కు సాపుగా ఉండదు

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో హార్టిల్‌పూల్ అని ఓ చిన్న ఊరు. అక్కడ రేవులో హెచ్‌ఎంఎస్ ట్రింకోమలీ అనే పాత యుద్ధనౌక ఉంది. దాని కథ చెప్పే బోర్డులు, గాజు పెట్టెలు డిజైన్ చేయడం నా పని. మొదటిసారి ఫోన్లో చెబితే నాన్నకి అర్థం కాలేదు. "ఓడ కడతావా, బొమ్మలేస్తావా?" అన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు వైజాగ్ సింధియాలో షిప్‌యార్డు కార్పెంటర్. ఓడ కింద పెట్టే చెక్క దిమ్మెల సంగతి అడిగితే గంటసేపు చెబుతారు. బోర్డు రాయడం ఆయన లెక్కలో పనే కాదు.

ఆ ఓడ బొంబాయిలో పుట్టిందని చెప్పాక మాత్రం శ్రద్ధగా విన్నారు. నెపోలియన్‌తో యుద్ధాల వల్ల ఇంగ్లండులో ఓక్ కలపకి కరువొచ్చింది. దాంతో బొంబాయిలో ఓడలు కట్టే పార్సీ కుటుంబం వాడియాల యార్డుకి పని అప్పగించారు. ముందు పంపిన ప్లాన్లు జావా అనే ఓడతోపాటు పోయాయి. 1812లో అమెరికా వాళ్ళు బ్రెజిల్ దగ్గర దాన్ని పట్టుకుని తగలబెట్టేశారు. మళ్ళీ ప్లాన్లు పంపాల్సి వచ్చింది. చివరికి మలబారు టేకుతో కట్టి, 1817 అక్టోబరు 12న నీళ్ళలోకి దింపారు. అడుగు దూలంలో వెండి మేకు కొట్టారట, పార్సీల ఆచారం. "మనం కొబ్బరికాయ కొట్టినట్టే," అన్నారు నాన్న. టేకులో నూనె ఉంటుంది కాబట్టి ఇనప బోల్టులు తుప్పు పట్టవని, ఓక్‌లోని ఆమ్లం ఇనుముని తినేస్తుందని నేను పుస్తకంలో చదివి చెప్పబోతే, టేకు సంగతి నాకే రెండు ముక్కలు ఎక్కువ చెప్పారు.

అసలు గొడవ నా మొదటి గాజు పెట్టెతో వచ్చింది. నాలుగు కాళ్ళూ ఒకే ఎత్తులో, కంప్యూటర్లో అందంగా గీశాను. తీరా ఓడలో పెడితే కిర్రుమని ఊగింది. నలుగురూ నన్నే చూస్తున్నారు. మేకు కొట్టి బిగిద్దామంటే కుదరదు, పాత చెక్కకి చిన్న బెజ్జం కూడా పెట్టకూడదు. టెన్షన్‌తో రాత్రి ఇంటికి ఫోన్ చేశాను.

"డెక్కు సాపుగా ఉంటాదని నీకెవరు చెప్పేరమ్మా? వానొస్తే నీళ్ళెటు పోతాయి?"

అంతే. డెక్కు మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలకీ వాలుగా ఉంటుంది. అందులోకి అడుగుపెట్టిన ప్రతిసారీ పాదాలకి తెలిసిందే, నా బుర్రకే ఎక్కలేదు. తర్వాత పెట్టెలన్నిటికీ మర తిప్పితే ఎత్తు మారే కాళ్ళు పెట్టాం. ఆ కాళ్ళకి ఆఫీసులో మా నాన్న పేరే పెట్టాను, నాలో నేను.

బోర్డుకి మాకు యాభై మాటలే. నిలబడి చదివే మనిషి అంతకన్నా ఓపిక పట్టడు. ఆ యాభైలో వాడియాల పేరుంది, తారీఖుంది, ఫిరంగుల లెక్క ఉంది. దూలాలు మోసిన వాళ్ళకి, రంపం కోసిన వాళ్ళకి చోటు లేదు. వాళ్ళ పేర్లు నాకు దొరకనూ లేదు. చివరికి ఫిరంగుల వాక్యం ఒకటి తీసేసి, టేకుని చేత్తో చెక్కిన వడ్రంగుల గురించి ఒక వాక్యం పెట్టాను. ఫిరంగులంటే పిల్లలకి ఇష్టం కదా అని మా వాళ్ళు కాస్త గునిశారు. నేను వెనక్కి తగ్గలేదు.

మొన్న సెలవుకి వైజాగ్ వచ్చినప్పుడు నాన్నని బీచ్ రోడ్డు మీద కురుసుర చూడ్డానికి తీసుకెళ్ళాను. ఆ జలాంతర్గామి 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, 2002లో ఇసక ఒడ్డున మ్యూజియం అయింది. లోపల ఇరుకు, ఉక్కపోత. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతూ పోవాలి. నేను అలవాటుగా అక్షరాల సైజు, లైట్లు చూసుకుంటున్నాను. మాకు ముందున్న చంటిపిల్లాడు మాత్రం నావికుడి బొమ్మకి చెయ్యి ఊపుతున్నాడు. వాడికి బోర్డులతో పనేముంది?

నాన్న గబగబా బయటికొచ్చేశారు. మోకాళ్ళ నొప్పేమో అనుకున్నాను. చూస్తే కిందకి వంగి, జలాంతర్గామి కూచున్న దిమ్మెల్ని తడుముతున్నారు.

"మీ ఓడ దేని మీద కూచుందమ్మా?"

ఫోన్లో ఫొటో చూపించాను. అది ఇంకా నీళ్ళలోనే తేలుతోంది. ముందు భాగంలో తలపాగా చుట్టుకున్న మనిషి బొమ్మ. నాన్న ఫోను దగ్గరికి లాక్కుని, వేళ్ళతో పెద్దది చేసి చూశారు.

"ఇదేటి, మన రేవులో కళాసీలాగున్నాడు," అన్నారు.