తెర ఆపి చూపించిన వెబ్

కళాశాలలో కలిసి చదివి, ఇప్పుడు తలో ఊళ్లో వెబ్ పనులు చేసుకుంటున్న మిత్రులం. ఈసారి వెబ్ టెక్నాలజీ సదస్సుకు అందరం వెళ్లాలని, సాయంత్రం కాగానే ఎక్కడైనా కూర్చుని తీరిగ్గా భోంచేయాలని ముందే మాట్లాడుకున్నాం. రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి దిగాను. సదస్సు జరిగే చోటికి చేరేసరికి మిత్రులు అప్పటికే వరుసలో నిలబడి ఉన్నారు.

ఉదయం ప్రసంగం హెచ్‌టీటీపీ/3 మీద, అంటే బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య వెబ్ పేజీలు చేరవేసే పద్ధతిలో కొత్త రూపం మీద. 2022లో ప్రమాణంగా వెలువడిన ఈ పద్ధతి, డేటాను ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వరుస తప్పకుండా చేర్చే టీసీపీని వదిలి, యూడీపీ అనే తేలికపాటి రవాణా పద్ధతి మీద నడిచే క్విక్‌ను ఆధారం చేసుకుంది. టీసీపీలో దారిలో ఒక్క ప్యాకెట్ తప్పిపోతే దాని వెనక వచ్చేవన్నీ ఆగాల్సిందే. క్విక్‌లో ఆ ప్యాకెట్ ఏ ఫైలుదో అదొక్కటే ఆగుతుంది, మిగతావి సాగిపోతాయి. సిగ్నల్ సరిగా అందని చోట ఫోను వాడేవాళ్లకు ఇది నిజంగా మేలు. ఆ తర్వాతి ప్రసంగాలు సరుకుల ప్రచారంలా సాగాయి కాబట్టి వదిలేస్తున్నాను.

మధ్యాహ్నం చూపులేని ఒక డెవలపర్ వేదికెక్కారు. రాగానే, వెనకున్న పెద్ద తెరను ఆపేయమన్నారు. తెర మీది మాటలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను తన ల్యాప్‌టాప్ నుంచి మైకుకు కలిపి, టికెట్లు అమ్మే ఒక పేజీలో ట్యాబ్ మీట నొక్కుతూ ఒక లింకు నుంచి, బటన్ నుంచి తర్వాతి దానికి పోయారు. "లింక్... బటన్... బటన్... బటన్..." అని వినిపిస్తోంది. ఏ బటన్ దేనికో తెలియదు, ఎందుకంటే వాటి మీద బొమ్మలున్నాయి గానీ పేర్లు లేవు. డబ్బు కట్టే బటన్ అసలు వినిపించనే లేదు. చూసేవాళ్లకు అది బటనే. కోడ్‌లో మాత్రం రంగు వేసిన డివ్, అంటే ఏ పనీ లేని ఉత్త పెట్టె, అందుకే ట్యాబ్ దానిమీద ఆగలేదు. అంత పెద్ద హాల్లో ఎవరూ కదల్లేదు.

తర్వాత సరిచేసిన పేజీని వినిపించారు. డివ్ బదులు బటన్ ట్యాగ్, వివరాలు నింపే ప్రతి గడికీ దాని పేరు చెప్పే లేబుల్, పేజీ ఏ భాషలో ఉందో చెప్పే లాంగ్ యాట్రిబ్యూట్, అంతే. ఈ చివరిది మన భాషకు చాలా ముఖ్యం. తెలుగు పేజీలో అక్కడ 'టీఈ' అని కాక 'ఈఎన్' అని ఉంటే, స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోయి తడబడవచ్చు, లేదా ఆ మాటలు వదిలేయవచ్చు. ఇవేవీ నిన్న మొన్న పుట్టిన సంగతులు కావు. వెబ్ ప్రమాణాలు రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ, వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగే పేజీల కోసం తొలి మార్గదర్శకాలు ప్రచురించింది 1999లో. వేగం కోసం నెలలు వెచ్చించే బృందాలు ఈ పనిని విడుదలకు ముందు వారానికి తోసేస్తుంటాయి. అది అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

రాత్రి భోజనానికి కూర్చున్న చోట దీపాలు మసకగా ఉన్నాయి. మెనూ కావాలంటే బల్ల మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు! మా బృందంలో పెద్దవాడు ఫోను దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, కింద పెట్టేశాడు. పక్కనున్న మిత్రురాలు ఊరుకోలేదు. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి ఆ రంగుల కాంట్రాస్ట్, అంటే అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా నిష్పత్తి, కొలిచింది: 2.3. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలని డబ్ల్యూ3సీ మార్గదర్శకాల్లో 2008 నుంచీ నియమం. ఇంకొకడు ఫోనులో స్క్రీన్ రీడర్ పెట్టాడు. వంటకాల పేర్లు చదివింది గానీ, పక్కనున్న కూడిక, తీసివేత గుర్తుల దగ్గరికి రాగానే "బటన్, బటన్" అంది. మధ్యాహ్నం హాల్లో విన్నదే మళ్లీ మా బల్ల దగ్గర విన్నాం.

వడ్డించే అబ్బాయి మా అవస్థ చూసి అచ్చు మెనూ తెచ్చిచ్చాడు. ఆ తర్వాత భోజనం హాయిగా సాగింది. పిల్లల చదువులు, మారిన ఉద్యోగాలు, రాలేకపోయిన మిత్రుల కబుర్లు, మధ్యమధ్య మళ్లీ ఆ ప్రసంగమే.

లేవబోతుంటే మేనేజరు వచ్చి, ఏమైనా ఇబ్బంది కలిగిందా అని అడిగారు. మిత్రురాలు రెండే విషయాలు చెప్పింది: అక్షరాల రంగు ముదురు చేయించండి, బటన్లకు పేర్లు పెట్టించండి. ఆయన అవి బిల్లు వెనక రాసుకుని, "ఇంకేమైనా ఉన్నాయా అమ్మా?" అంటూ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆమె మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచింది.